బెంగళూరులో క్లెమాటిస్: కొన్న మూడు మొక్కలు, అమ్మిన నర్సరీ

నిరుడు జూన్ రెండో వారంలో బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపున్న ఒక నర్సరీ నుంచి క్లెమాటిస్ అన్న పేరుతో మూడు తీగమొక్కలు తెప్పించుకున్నాను. వాటిలో ఒకటి రెండున్నర నెలలకే చచ్చిపోయింది. ఒకటి అసలు క్లెమాటిసే కాదని తేలింది. మిగిలిన ఒక్కటి ఈ ఏడాది మార్చిలో 23 పువ్వులు పూసి, సెప్టెంబరులో మరో 9 పూసి, ఇప్పుడు ఈ డిసెంబరు చలిలో కత్తిరింపుకు సిద్ధంగా ఉంది. నర్సరీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తరువాత మరో రెండు చోట్ల విచారిస్తే దాదాపు అవే మొక్కలు, అవే చీటీలు, అవే సలహాలు ఎదురయ్యాయి గనుక, తప్పంతా ఒక్క దుకాణం నెత్తిన రుద్దడం న్యాయం కాదనిపించింది. కానీ ఇదే మొక్క మీద మనసు పడి, డబ్బు చేతపట్టుకుని బయలుదేరబోయే వారికి ఏది చూసి కొనాలో, అమ్మేవారి మాటల్లో దేన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తెలియాలన్నదే నా ఉద్దేశం.

నాకీ తీగ మీద మోజు పుట్టింది ముస్సోరీలో. కొన్నేళ్ల కిందట మే మొదట్లో అక్కడికి వెళ్లినప్పుడు, రోడ్డు పక్కన చెట్ల మీద తెల్లటి పూలు దుప్పటి కప్పినట్టు కనిపించాయి. అది క్లెమాటిస్ మోంటానా అని, హిమాలయాల్లో దానంతటదే పెరిగే తీగ అని, ఒకప్పుడు మన గవర్నర్ జనరల్‌గా ఉన్న ఆమ్హర్స్ట్ గారి భార్య ద్వారా 1831లో ఇంగ్లండు తోటలకు చేరిందని తరువాత తెలుసుకున్నాను. నర్సరీకి వెళ్లి మొదట అడిగింది ఆ మొక్కనే. అక్కడ పని చూసే కుర్రవాడిది మదనపల్లె. మొక్క పేరు "క్లిమ్టీస్" అని పలికినా, మాట మాత్రం ఖచ్చితంగా చెప్పాడు: "అమ్మా, అది చలికొండల తీగ. ఇక్కడ ఆకు వేస్తుంది గానీ పూత పెట్టదు. ఉత్త పచ్చతీగకు డబ్బు దండగ చేసుకోకండి." అమ్ముకునే చోట నిలబడి వద్దని చెప్పినందుకు నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే అతడి తక్కిన సలహాలన్నీ కళ్లు మూసుకుని నమ్మేశానన్నది వేరే సంగతి.

అతడు చూపించిన మూడింటినీ తీసుకున్నాను. లేత గులాబీ రంగు రేకు మధ్యలో ముదురు చార ఉన్న పెద్దపూల రకం ఒకటి, ముదురు ఊదా రంగుది ఒకటి, "చిన్న నీలం" అని మాత్రమే చీటీ ఉన్నది ఒకటి. మొదటి రెండూ ఒక్కొక్కటి 650 రూపాయలు, మూడోది 400, ఇంటికి చేర్చినందుకు 150. మొత్తం 1850. ఈ డబ్బుతో లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీలకు వెళితే డాబా అంతా మల్లెలతో నింపుకోవచ్చునని మావారు ఆ రోజు మొదలుకుని ఈ రోజు వరకు గుర్తు చేస్తూనే ఉన్నారు.

ముందుగా మెచ్చుకోవలసినది మెచ్చుకోవాలి. మొక్కలు వచ్చిన తీరు చాలా బాగుంది. కుండీ మట్టి ఒలికిపోకుండా మీద తడి కొబ్బరిపీచు నొక్కి, కాగితం చుట్టి, తీగను సన్నటి వెదురుపుల్లకు మెత్తటి క్లిప్పులతో ఆనించి, అట్టపెట్టెలో కదలకుండా నిలబెట్టి పంపారు. నాటే ముందు ఊదారంగు మొక్కను కుండీలోంచి నెమ్మదిగా జారవిడిచి చూశాను. వేళ్లు బూటులేసుల్లా లావుగా, పొడవుగా, లేత గోధుమ రంగులో, కొసలు తెల్లగా ఉన్నాయి. పెద్దపూల క్లెమాటిస్ వేరు ఇలాగే ఉండాలి. మల్లెకో మందారానికో ఉండే సన్నటి పీచువేళ్ల గుబురును ఊహించుకుని, ఇదేదో జబ్బు అనుకుని కత్తిరించేవారున్నారు, అలా చేయకూడదు. ఆ లావు వేళ్లే దాని నిల్వసొమ్ము. మొక్కల ఆరోగ్యం విషయంలో ఈ నర్సరీని వేలెత్తి చూపడానికి లేదు.

ఇక చీటీ. ప్రతి మొక్కకూ ఒక అట్టముక్క కట్టి ఉంది, దాని మీద పువ్వు బొమ్మ, వెనక నాలుగు సూచనలు. పూర్తి ఎండ కావాలి, రోజూ నీళ్లు పోయాలి, ఎనిమిది అంగుళాల కుండీ చాలు, కత్తిరింపు అక్కరలేదు. ఏ రకమో పేరు లేదు. ఈ నాలుగు సూచనల్లో ఒక్కటి కూడా బెంగళూరు డాబా మీద క్లెమాటిస్‌కు పూర్తిగా సరిపోదు. పేరు లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం. ఎందుకో కత్తిరింపు దగ్గర చెబుతాను.

ఎండ సంగతి చూడండి. అడవిలో ఈ తీగ పొదల కింద, రాలిన ఆకుల నీడలో మొలిచి, పొదను పట్టుకుని పైకెక్కి, కొస వెలుగులోకి చేరాక పూస్తుంది. అంటే తలకు ఎండ, కాళ్లకు చల్లదనం కావాలి. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఊరు గనుక మన పల్లపు ప్రాంతాలతో పోలిస్తే బెంగళూరు చల్లనిదే, కాదనను. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో సిమెంటు డాబా మీద ప్లాస్టిక్ కుండీలోని మట్టిని మధ్యాహ్నం రెండు గంటలకు వేలితో తాకి చూస్తే, అది వేడి ఊరని తెలుస్తుంది. రాజమండ్రిలో పెరిగినదాన్ని, పక్కనే ఉన్న కడియం నర్సరీల నుంచి మొక్కలు లారీలకెక్కి దేశమంతా పోవడం చూసినదాన్ని, మొక్కంటే ఎండ, ఎండంటే పూత అని చిన్నప్పటి నుంచీ అనుకున్నదాన్ని కనుక ఈ తేడా నా బుర్రకెక్కడానికి కొంత కాలం పట్టింది.

వేళ్లకు నీడ పెట్టాలని తెలిశాక నేను చేసిన మొదటి పని తెలివితక్కువది. వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలిన కడపరాయి ముక్కను ఊదారంగు మొక్క మొదలు చుట్టూ పరిచాను. నల్లరాయి ఎండను పీల్చుకుని సాయంత్రం ఏడింటికి కూడా గోరువెచ్చగా ఉండేది. మూడో రోజున దాన్ని తీసేసి, పాత మంగళూరు పెంకులు రెండు తెచ్చి మొదలుకు పడమటి వైపున ఏటవాలుగా ఆనించి, మట్టి మీద నాలుగు వేళ్ల మందాన తడి కొబ్బరిపీచు పరిచాను. కుండీ ముందు వరుసలో స్పైడర్ ప్లాంటు ఉన్న చిన్న కుండీలు నాలుగు పెట్టాను. వాటి ఆకులు వంగి పెద్ద కుండీ అంచు మీద నీడ పడేలా చూసుకున్నాను. నీడ కోసం అదే కుండీలో పుదీనా నాటమని ఎవరో చెప్పారు. నాటకండి, పుదీనా వేరు దేన్నీ బతకనివ్వదు.

కుండీ విషయానికి వస్తే, ఎనిమిది అంగుళాలంటే సుమారు 20 సెంటీమీటర్లు. ఈ తీగకు 45 సెంటీమీటర్ల లోతు, దాదాపు అంతే వెడల్పు ఉండాలి. అది కూడా మట్టికుండీ అయితే గోడల గుండా తడి ఆరుతూ లోపల చల్లబడుతుంది. మన ఎర్రమట్టి ఒక్కదాన్నే నింపితే వానకు ముద్దై, ఎండకు గట్టిపడి, నీరు పక్కల నుంచి జారిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మగ్గిన కంపోస్టు రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, ఒక గుప్పెడు వేపపిండి, ఒక గుప్పెడు ఎముకల పొడి కలిపాను. మా ఇంటి బోరునీటిలో సున్నం ఎక్కువ, కుండీల అంచున తెల్లటి పొర కడుతుంది. దానికి మాత్రం కంగారు పడనవసరం లేదు. క్లెమాటిస్‌కు కొంచెం సున్నం ఉన్న నేల పడుతుంది. నీళ్లు పోయడం రోజు లెక్కన కాదు, పీచు కింద వేలు పెట్టి చూసి పోయాలి. పోసినప్పుడు కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. వేసవిలో అది నిజంగానే రోజూ అయింది, ఆగస్టులో వారానికి రెండుసార్లు కూడా కాలేదు.

ఇప్పుడు చచ్చిపోయిన మొక్క కథ. గులాబీ చారల మొక్కను చీటీ ప్రకారం, నర్సరీ కుండీలో మట్టి ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తునే, ఎనిమిది అంగుళాల కుండీలో, పూర్తి ఎండలో నాటాను. ఆ బొమ్మను బట్టి అది నెల్లీ మోజర్ అనే రకమో, దాని చుట్టమో అయి ఉంటుంది. ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర మోజర్ అనే నర్సరీవారు 1897లో విడుదల చేసిన రకం అది. ఎండకు రంగు వెలిసిపోతుందని, కొంత నీడలోనే అందంగా ఉంటుందని దానికి పేరు. చీటీలో మాత్రం పూర్తి ఎండ! అయినా జూలై అంతా ఏపుగా పెరిగి, ఆగస్టు మొదట్లో బఠాణీ గింజంత మొగ్గ ఒకటి తొడిగింది.

లాల్‌బాగ్‌లో స్వాతంత్ర్య దినోత్సవ పూల ప్రదర్శన చూసి ఇంటికి వచ్చిన సాయంత్రం, డాబా ఎక్కి చూస్తే తీగ పైభాగం మొత్తం తడిబట్ట ఆరేసినట్టు వేలాడుతోంది. మొగ్గ మెడ విరిచినట్టు కిందికి వాలింది. కింది నాలుగు ఆకులు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉన్నాయి. మట్టి తడిగానే ఉంది. నర్సరీకి ఫోన్ చేస్తే, "నీళ్లు చాలలేదేమోనమ్మా, పొద్దున్నా సాయంత్రమూ పోయండి" అన్నారు. నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. ఫోటో అడగలేదు, కాండం చూడమనలేదు. నేను అయిదు రోజులు రెండు పూటలా నీళ్లు పోశాను. ఆరో రోజున క్లిప్పు విప్పి కాండాన్ని చేతిలోకి తీసుకుంటే, నేల నుంచి రెండో కణుపు దగ్గర గోరు వెడల్పున నల్లటి పట్టీ ఉంది. అక్కడ విరిచితే లోపల కూడా నలుపే.

దీన్ని క్లెమాటిస్ వడలు తెగులు అంటారు. కాలోఫోమా క్లెమాటిడినా అనే బూజు దీనికి కారణం. పెద్దపూల సంకరజాతులకు ఇది ఎక్కువగా సోకుతుంది. విటిసెల్లా జాతి నుంచి వచ్చిన చిన్నపూల రకాలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. దాహంతో వాలిన మొక్కకూ తెగులుతో వాలిన మొక్కకూ తేడా ఒక్క పూటలో తెలుసుకోవచ్చు. దాహమైతే మొక్క అంతా వాలుతుంది, నీళ్లు పోశాక చల్లబడే వేళకు లేస్తుంది. తెగులైతే ఒక కణుపు పైనున్న భాగం మాత్రమే వాలుతుంది, మట్టి తడిగా ఉన్నా లేవదు, ఆకులు అలాగే కాండానికి వేలాడుతూ నల్లబడతాయి. అప్పుడు చేయవలసింది నీళ్లు పోయడం కాదు. నలుపు కనిపించిన చోటికి దిగువన, లోపల పచ్చగా ఉన్నంత వరకు వెళ్లి కత్తిరించి, ఆ ముక్కలను కంపోస్టులో వేయకుండా పారేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. ఈ బూజు సాధారణంగా వేరు జోలికి పోదు. అందుకే పెద్దపూల రకాలను నర్సరీ కుండీలో ఉన్నదానికన్నా అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు లోతుగా, ఒకటి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటాలంటారు. పైన ఏమైనా కింద కణుపుల్లోంచి కొత్త మొలక వస్తుంది. నా గులాబీ మొక్కకు మట్టిలో కణుపే లేదు. పైగా అయిదు రోజుల వరదలో వేరు కూడా కుళ్లింది. ఆగస్టు చివరికి ఏమీ మిగలలేదు. మొక్క పోయిందని చెబితే, హామీ పది రోజులకేనని మర్యాదగానే గుర్తు చేశారు. హామీ గడువు గురించి నాకు పేచీ లేదు. తప్పుడు సలహాకు గడువు ఏమిటన్నదే నా ప్రశ్న.

ఊదారంగు మొక్క బతకడానికి కారణం నా తెలివి కాదు, ఆలస్యం. సరైన కుండీ దొరకక దాన్ని పది రోజులు పక్కన పెట్టి, చివరికి దొరికిన పెద్ద మట్టికుండీలో, తూర్పు కాంపౌండు గోడ వారన నాటాను. ఈలోగా ఒక పాత తోటపని పుస్తకంలో లోతు సంగతి చదివి, ఏడు సెంటీమీటర్లు కిందికి దించాను. అక్టోబరు వానల్లో ఒక రాత్రి నత్త దాని ఏకైక కాండాన్ని నేల మట్టానికి కొరికేసింది. ఈ ఊళ్లో ఆఫ్రికా పెద్ద నత్తల బెడద తెలియని తోటమాలి ఉండడు; అరచేతిలో సగం ఉంటాయి. ఇక అయిపోయిందనుకుని ఆ చోట బంతి నాటుదామని మూడు వారాల తరువాత వెళితే, ఎర్రటి మొలకలు రెండు, పుల్లంత లావున, మట్టిని పగలదీసుకుని బయటికి వచ్చి ఉన్నాయి. అప్పటి నుంచి మొదలు చుట్టూ అడ్డంగా కోసిన ప్లాస్టిక్ సీసా ఒకటి గుచ్చి ఉంచుతున్నాను. చూడడానికి బాగుండదు, కానీ ఆ తరువాత నత్త కాటు పడలేదు.

మూడో మొక్క, "చిన్న నీలం", నెల తిరిగేసరికి గోడ ఎక్కేసింది. ఆ వేగం చూసే నాకు అనుమానం రావలసింది. సెప్టెంబరులో పువ్వు విచ్చితే అది కృష్ణకమలం. కౌరవులు నూరుగురు చుట్టూ, పాండవులు మధ్యలో, అంతా సరిగ్గా ఉంది, క్లెమాటిస్ తప్ప. నిజానికి పువ్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు, దుకాణంలోనే గుర్తుపట్టవచ్చు. క్లెమాటిస్ ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉంటాయి. కృష్ణకమలం ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి, కణుపు దగ్గర స్ప్రింగులా చుట్టుకునే నులితీగ ఉంటుంది. క్లెమాటిస్‌కు నులితీగలుండవు. అది ఆకు కాడతోనే పట్టుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నాకు 400 రూపాయలు మిగిలేవి. కాకపోతే ఇక్కడ నర్సరీవారు సక్రమంగా ప్రవర్తించారు. ఫోటో పంపిన రోజే తప్పు ఒప్పుకుని ఆ 400 నా ఖాతాలో జమ రాసుకున్నారు, మొక్కను వెనక్కి అడగలేదు. ఆ జమతో వేపపిండి, కొబ్బరిపొట్టు తెచ్చుకున్నాను. కృష్ణకమలం ఇప్పటికీ గోడ మీదే ఉంది.

ఆకు కాడతో పట్టుకోవడమంటే ఏమిటో చూడాలనుంటే పొద్దున్నే చూడాలి. ఊదారంగు తీగ కొత్త చిగురు దగ్గర ఒక నైలాను దారం కట్టాను. మొదటి రోజు ఉదయం కాడ దారానికి ఆనుకుని నిటారుగా ఉంది. సాయంత్రానికి కొక్కెంలా వంగింది. మర్నాడు కాఫీ తాగే వేళకు ఒక చుట్టు చుట్టేసి, ఆకును మాత్రం వెలుగు వైపు తిప్పుకుని కూర్చుంది. కానీ ఆ కాడ చిన్నది. పెన్సిలు కన్నా లావుగా ఉన్నదాన్ని చుట్టలేదు. నర్సరీవారు అదనంగా 300 రూపాయలకు అమ్మజూపిన చెక్క ఆసరా బొటనవేలంత లావు పట్టీలతో చేసినది, దాని మీదికి ఈ తీగ తనంతట తాను ఎక్కనే ఎక్కదు. అది కొనకండి. గోడకు మేకులు కొట్టి, వేలి దూరం వదిలి, సన్నటి వైరుమెష్ కట్టుకుంటే సరిపోతుంది.

కత్తిరింపు దగ్గరికి వద్దాం. క్లెమాటిస్‌లను తోటమాలులు మూడు గుంపులుగా చూస్తారు. మోంటానా వంటివి నిరుటి కొమ్మ మీద పూస్తాయి గనుక పూత అయ్యాక మాత్రమే సవరించాలి. నెల్లీ మోజర్ వంటి పెద్దపూల రకాలు మొదటి విడత నిరుటి కొమ్మ మీద, రెండో విడత కొత్త కొమ్మ మీద పూస్తాయి గనుక ఎండుకొనలు తీసేసి వదిలేయాలి. జాక్‌మనీ, విటిసెల్లా వంటివి పూర్తిగా కొత్త కొమ్మ మీదే పూస్తాయి గనుక ఏటా నేల నుంచి అడుగు ఎత్తు వదిలి మొత్తం నరికేయాలి. ఒక గుంపు పద్ధతి ఇంకో గుంపుకు వాడితే ఆ ఏడాది పూత చాలావరకు పోవచ్చు. రకం పేరు రాయని చీటీ ఎందుకు పెద్ద లోపమో ఇప్పుడు అర్థమవుతుంది. నా ఊదారంగు మొక్క జాక్‌మనీ అని నేను పువ్వు చూశాక గానీ నిర్ధారించుకోలేదు. ఇంగ్లండులో వోకింగ్ అనే ఊళ్లో జాక్‌మన్ కుటుంబపు నర్సరీలో పుట్టి, 1860ల తొలినాళ్లలో లోకానికి వచ్చి, ఇప్పటికీ అందరూ పెంచుతున్న రకం అది.

నత్త పుణ్యమా అని నా మొక్కకు ఎలాగూ కొత్త కొమ్మలే ఉన్నాయి. అయినా నిరుడు డిసెంబరు చివరి వారంలో, మనసు రాయి చేసుకుని, లావు మొగ్గల జంట ఒకటి చూసుకుని దానికి కాస్త పైన, అడుగు ఎత్తున కత్తిరించాను. ఈ తీగకు చలికాలపు విశ్రాంతి కావాలి. చలిదేశాల్లో దానంతటదే ఆకు రాల్చి నిద్రపోతుంది. బెంగళూరులో జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి గనుక ఆకు పూర్తిగా రాల్చదు, సగం నిద్రలో ఉంటుంది. కత్తిరించి, నెల రోజులు నీళ్లు తగ్గించి, ఎరువు పూర్తిగా ఆపి నేనే దాన్ని పడుకోబెట్టాను. ఫిబ్రవరి మొదట్లో కంపోస్టు వేసి నీళ్లు పెంచాను. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. వసనాభి, నల్లజీలకర్ర ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. దీని పసరు చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయి. నా మణికట్టు మీద రెండు రోజులు ఎర్రటి గీత ఉంది. చిన్నపిల్లలున్న ఇళ్లకు ఈ ముక్క చెప్పి అమ్మవలసిన బాధ్యత నర్సరీకి ఉంది. చీటీలో దాని ఊసే లేదు.

మార్చి మొదటి వారంలో పూత మొదలైంది. మొగ్గ నిటారుగా లేచి, మూసిన గొడుగులా మొనదేలి, వెలుపల బూడిద రంగు నూగుతో ఉంటుంది. విచ్చే ముందు రోజున ఆ నూగు మధ్య ఊదా గీతలు కనిపిస్తాయి. విచ్చాక నాలుగు రేకులు, ఒక్కోసారి అయిదు. రేకులని మనం మాటవరసకు అంటాం గానీ అవి నిజానికి మొగ్గను కప్పి కాపాడే రక్షకపత్రాలు. ఈ జాతికి అసలు రేకులు లేవు. ముట్టుకుంటే పట్టు పరికిణీ అంచులా ఉంది. పుస్తకాల్లో రాసే వెడల్పు పది సెంటీమీటర్ల పైమాటే. మా ఇంట్లో ఎనిమిది దాటలేదు. ఏప్రిల్‌లో విచ్చినవి ఇంకా చిన్నవి, మధ్యాహ్నపు ఎండ తగిలిన వైపు రంగు వెలిసి మాసిన జాకెట్టు గుడ్డలా కనిపించాయి. తూర్పు గోడ కావడం వల్ల ఆ మాత్రమైనా దక్కింది. పొద్దుటి ఎండ నాలుగు గంటలు తగిలి తరువాత గోడ నీడ పడుతుంది. పడమటి గోడ తప్ప వేరే చోటు లేనివారు ఈ మొక్క జోలికి వెళ్లవద్దని నా సలహా. పూత రాలాక వెండి తోకలున్న గింజల కుచ్చు మిగులుతుంది, అది పువ్వుకన్నా బాగుందని మావారి అభిప్రాయం. ఆయన ఈ మొక్క గురించి అన్న ఒకే ఒక్క మంచిమాట అదే గనుక నమోదు చేస్తున్నాను.

పురుగుల బెడద తక్కువ. మేలో ఆకులకు నల్లి పట్టింది, నీటిధారతో కడిగితే పోయింది. సెప్టెంబరులో బూడిద తెగులు కొద్దిగా కనిపించింది, గాలి ఆడేలా మధ్య కొమ్మలు పలచన చేస్తే తగ్గింది.

గింజల గురించి ఒక హెచ్చరిక. ఆకాశనీలం క్లెమాటిస్ గింజలు వంద 99 రూపాయలంటూ ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. పెద్దపూల రకాలు దాదాపు అన్నీ సంకరాలు. గింజ నుంచి తల్లి పువ్వు రాదు, మొలవడానికే నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి పడుతుంది. మొక్క కొనండి, లేదా కొనకండి, గింజ మాత్రం వద్దు. చెన్నైలో ఉన్న మా చెల్లెలు తనకూ ఒకటి పంపమంది. అక్కడ జనవరి రాత్రి కూడా ఇక్కడి మార్చి రాత్రిలా ఉంటుంది, ఆ తీగకు నిద్రే పట్టదు. చెల్లెలికి రాధామనోహరం అంటు పంపాను, హాయిగా పూస్తోంది. బెంగళూరులోనైనా కష్టపడకుండా గోడ నిండా పూలు కావాలనుకునేవారికి వెల్లుల్లి తీగ, నీలి థన్‌బెర్జియా ఎన్నో రెట్లు మేలు. మన పశ్చిమ కనుమల్లో తనంతట తాను పెరిగే క్లెమాటిస్ గౌరియానా అనే జాతి ఉంది. మరాఠీవారు మోర్‌వేల్ అంటారు. పువ్వులు చిన్నవే, రంగు తెలుపే, కానీ ఈ వాతావరణం దానికి పరాయిది కాదు. ఏ నర్సరీ అయినా దాన్ని పెంచి అమ్మితే ముందుగా కొనేదాన్ని నేనే. అడిగితే ఈ నర్సరీవారు నవ్వి, "అడవి తీగను ఎవరు కొంటారమ్మా" అన్నారు.

మార్కులు వేయమంటే, మొక్కల ఆరోగ్యానికీ పంపిన తీరుకూ పదికి తొమ్మిది వేస్తాను. తప్పు మొక్క వచ్చినప్పుడు సర్దుకున్న తీరుకు ఎనిమిది. చీటీలకు, ఫోన్ సలహాకు రెండు, అది కూడా మోంటానా కొనవద్దన్న ఆ మదనపల్లె కుర్రవాడి ముఖం చూసి. ధర విషయంలో, రకం పేరు తెలిసిన జాక్‌మనీకి 650 సమంజసమే. పేరు తెలియని మొక్కకు 100 కూడా దండగ.

అన్నీ చెప్పుకున్నాక, పోయిన వారం అదే నర్సరీకి మళ్లీ ఫోన్ చేశాను. విటిసెల్లా రకం ఏదైనా ఉంటే పక్కన పెట్టమని, రకం పేరు రాసిన చీటీ ఫోటో, ఒక కణుపు దగ్గరి ఫోటో పంపితేనే డబ్బు కడతానని చెప్పాను. "అలాగేనమ్మా, సాయంత్రానికి పంపిస్తా" అన్నారు. ఇవాళ్టికి ఎనిమిది రోజులైంది, ఇంకా రాలేదు.